ముద్ద దిగని ఇల్లు

బిస్కెట్ల ఫ్యాక్టరీలో రుచి చూసే ఉద్యోగం అంటే విన్నవాళ్లందరికీ నోరూరుతుంది. "హాయిగా కూర్చుని బిస్కెట్లు తింటే జీతం ఇస్తారా? మాకూ ఓ కుర్చీ వేయించరాదూ!" అని ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. నిజానికి అక్కడ తినేది తక్కువ, ఉమ్మేది ఎక్కువ. పొయ్యి దిగిన ప్రతి విడత నుంచీ కొన్ని బిస్కెట్లు పళ్లెంలో వస్తాయి. కొరకాలి, నమలాలి, ముక్కుతో గాలి వదిలి వాసన పట్టాలి, పక్కనున్న గిన్నెలో ఉమ్మేసి నోరు పుక్కిలించాలి, మళ్లీ కొరకాలి. రోజంతా మింగుతూ కూర్చుంటే కడుపేం కావాలి? ఆఖరి ముక్క ఒక్కటి మాత్రం మింగి తీరాలి. కొన్ని రుచులు నాలిక మీద దొరకవు. గొంతు దిగాక, పోయినట్టే పోయి వెనక్కొచ్చి పలకరిస్తాయి. పాత నూనె చేదు అలాంటిదే.

ఆ ఒక్క ముక్కనే కోడలు చాలాకాలంగా మింగడం లేదు.

కోడలంటే ఫ్యాక్టరీకి కోడలేం కాదు. ఇంట్లో ఉండేది అత్తగారూ ఆమే. వీధిలో అందరూ "పెద్దావిడ కోడలు" అనే అంటారు కాబట్టి మనమూ అలాగే అందాం. అందరూ ఉమ్మే గదిలో ఆమె ఒకసారి ఎక్కువ ఉమ్మితే ఎవరు పట్టించుకుంటారు? ఉమ్మేసి, మింగినట్టు గొంతు ఒకసారి కదిలించేది. ఆ తర్వాత పక్క కుర్చీలో ఉన్న చప్పరింపు మామ మొహం చూసేది. ఆయన పేరేమిటో జీతాలిచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. లొట్టలు వేసే చప్పుడుకి ఆ పేరు పెట్టారు. కడుపులో ఉన్నదంతా మొహంలో కనిపించే మనిషి. ఆయన మొహం చిట్లిస్తే ఈమె "బాగోలేదు" అని రాసేది, తల ఊపితే "బాగుంది" అని రాసేది. అలా బండి నడిచిపోయింది.

ఒక రోజు చప్పరింపు మామ పన్ను పీకించుకోవడానికి సెలవు పెట్టాడు. సరిగ్గా ఆ రోజే నూనె చేదెక్కింది. చూడ్డానికి ఆయన మొహం లేక కోడలు "బాగుంది" అని రాసేసింది. మధ్యాహ్నం ఆ గదిని చూసుకునే పెద్ద మేడం ఓ బిస్కెట్టు నోట్లో వేసుకుని, మింగి, "ఛీ!" అని కుర్చీలోంచి లేచింది.

"మింగావా నువ్వు?" అని అడిగింది కోడల్ని పిలిచి.

"మింగానండీ."

"ఏదీ, ఇప్పుడు మింగు."

కోడలు కొరికింది, నమిలింది. పిండిపిండి అయ్యేదాకా, పిండి నీళ్లయ్యేదాకా నమిలింది. పెద్ద మేడం ఆమె గొంతుకేసి రెప్ప వెయ్యకుండా చూస్తోంది. చివరికి కోడలు కర్చీఫు తీసి అందులో ఉమ్మేసి, దాన్ని నాలుగు మడతలు పెట్టింది. సిగ్గేమీ వెయ్యలేదు. ఉద్యోగం పోతుందన్న ఆలోచన వచ్చింది గానీ, పక్కింటివాళ్ల సంగతేదో విన్నట్టు అనిపించి వెళ్లిపోయింది. ఆమెకు ఈమధ్య ఏదైనా అంతే.

"ఎప్పట్నుంచి ఇలా?"

"మా ఆయన పోయినప్పట్నుంచి."

"మరి ఇంట్లో ఏం తింటున్నావు?"

"జావండీ. ఏదైనా సరే మిక్సీలో వేసి జావ చేస్తారు అత్తయ్య."

పెద్ద మేడం ఆమెను కిందికీ పైకీ చూసింది. చేతి వాచీ మోచేయి దాకా జారుతోంది. ఇన్నాళ్లూ ఒకే గదిలో కూర్చుంటూ ఎవరి కళ్లకూ కనబడలేదంటే ఏమనాలి! "నిన్ను ప్యాకింగ్‌కి పంపడం నాకు నిమిషం పని" అంది. "కానీ నీలాంటి నాలిక మళ్లీ నాకు దొరకదు. మా అక్క కూతురు లిఫ్టు ఎక్కాలంటే వణికి చచ్చేది. ఒక డాక్టరమ్మ బాగుచేసింది. ఆవిడ దగ్గరికి వెళ్లు. వెళ్లనన్నావో, నా సంగతి తెలుసుగా."

కోడలు వెళ్లింది. బాగుపడాలని కాదు. వెళ్లనని వాదించడానికి వెళ్లడం కంటే ఎక్కువ ఓపిక కావాలి, అందుకని.

డాక్టరమ్మ గది చిన్నది. కిటికీ అవతల ఎవరో సైకిలు బాగుచేస్తున్న చప్పుడు. ఆవిడ ముందు బరువు చూసింది, గొంతుకు పరీక్షలు రాసింది. అవి చేయించుకుని మళ్లీ వచ్చాక, కాగితాలు పక్కన పెట్టి, "గొంతులో ఏ జబ్బూ లేదు. కానీ బరువు ఇలాగే తగ్గితే ముక్కులోంచి గొట్టం వేసి తినిపించాల్సి వస్తుంది. అది వద్దనుకుంటే మీరు మింగాలి. ఏం జరిగిందో చెప్పండి" అంది.

కోడలు చెప్పింది, రేడియోలో వార్తలు చదివినట్టు.

ఓ ఆదివారం మధ్యాహ్నం. మొగుడూ అత్తగారూ తనూ, ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. మాంసం కూర. అతనికి తింటూ మాట్లాడే అలవాటు, అందులోనూ ఆఫీసులోవాళ్లను అనుకరించి చూపించడం మహా సరదా. ఆ రోజు వాళ్ల మేనేజరు తుమ్మే తీరు చూపిస్తున్నాడు. మధ్యలో ఆగిపోయాడు. కళ్లు పెద్దవి చేసి చెయ్యి గొంతు దగ్గర పెట్టుకున్నాడు. పొలమారిందనుకున్నారు. "ఎవరో తలుచుకుంటున్నార్రా" అంటూ అత్తగారు నడినెత్తిన తట్టారు. "ఎవరండీ ఆవిడ, అంత గట్టిగా తలుచుకుంటోంది?" అని కోడలు ఆటపట్టించింది. అతను బల్ల మీద దబదబా కొట్టాడు. అదీ మేనేజరు వేషమే అనుకుని ఇద్దరూ పగలబడి నవ్వారు. పొలమారినవాడు దగ్గుతాడు, కళ్లనీళ్లు పెట్టుకుని నానా గోలా చేస్తాడు. ఇతని గొంతులో చప్పుడే లేదు. ఆ సంగతి ఇద్దరికీ తట్టేసరికి అతని పెదాలు నీలమైపోయాయి. అప్పుడు వీపు మీద గుద్దారు, నోట్లో నీళ్లు పోశారు, వీధిలోకి పరిగెత్తి గొంతులు చించుకుని అరిచారు. అంబులెన్సూ వచ్చింది. ఏం లాభం?

"ఏడ్చారా?" అని అడిగింది డాక్టరమ్మ.

"లేదండీ."

"మీ అత్తగారు?"

"లేదు. జావ చేశారు."

అదీ నిజమే. మనిషి పోయిన కొద్దిరోజులకు కోడలు రొట్టెముక్క నోట్లో పెట్టుకుంటే అది గొంతు దగ్గరికి వెళ్లి నిలబడిపోయింది. అటు దిగదు, ఇటు రాదు. కక్కేసింది. అత్తగారు మిగతా రొట్టెను పాలల్లో వేసి మిక్సీ తిప్పారు. ఇంక అంతే. అన్నం, పప్పు, కూర, పండు, ఏదైనా మిక్సీలోకే. పైగా కోడలు తాగుతున్నంతసేపూ ఆవిడ వెనక నిలబడేవారు, ఒక చేత్తో నీళ్ల గ్లాసు, రెండో అరచెయ్యి కోడలి వీపుకు జానెడు దూరంలో. ఎప్పుడు గుద్దాల్సొస్తుందోనని. తను కూడా అదే జావ తాగేవారు. "ఇద్దరికి రెండు రకాలెందుకు, మళ్లీ గిన్నెలు తోముకోవడం ఎవరివల్లవుతుంది?" అనేవారు.

డాక్టరమ్మ అంతా విని, "దీన్ని ఫోబియా అంటాం" అంది. "భయపడితే గొంతు బిగుసుకుంటుంది. బిగుసుకుంటే, చూశావా, దిగట్లేదు అని భయం ఇంకా పెరుగుతుంది. మీరు జావ తాగుతున్నారు, బతికే ఉన్నారు. దానికి మీ భయం ఏమంటుందో తెలుసా? జావ కాబట్టి బతికావు, నీళ్లు పక్కనుండబట్టి బతికావు, అత్తగారు వెనకుండబట్టి బతికావు అంటుంది. ముద్ద తిన్నా బతుకుతావని దానికి ఎవరు చెప్పాలి? మాటలతో చెబితే వినదు. తిని చూపించాలి. కొంచెం కొంచెంగా, నీళ్లు లేకుండా, వెనక చెయ్యి లేకుండా."

"మందులేమీ లేవా?"

"ఇదే మందు. భయంగా ఉన్నప్పుడే వేసుకోవాల్సిన మందు."

"నాకు భయంగా కూడా ఉండదండీ. ఏమీ ఉండదు."

"ఉంది. తినేటప్పుడు మీరు ఎటో వెళ్లిపోతున్నారు, అంతే. మనిషి ఇంట్లో లేకుండా తలుపెవరు తీస్తారు? ఇక్కడ కూర్చుని భయపడండి. అది పెరిగి పెరిగి, తనంతట తనే తగ్గడం మీరు చూడాలి."

పుట్టినప్పట్నుంచీ అందరూ "భయపడకు, భయపడకు" అన్నవాళ్లే. భయపడమన్న మనిషి ఈవిడొక్కతే. ఇదేం వైద్యమో అనుకుంది కోడలు.

ఇంటికొచ్చి చెబితే అత్తగారికి అరికాలి మంట నెత్తికెక్కింది.

"చెయ్యి తీసెయ్యాలా? నా చెయ్యి నిన్నేం చేసిందట?"

"ఏమీ చెయ్యలేదత్తయ్యా. నన్ను బతికించింది ఆ చెయ్యి కాదనే ఆవిడ చెప్పేది."

"మిక్సీ ఆపెయ్యాలా? ఇన్నాళ్లూ నిన్ను బతికించింది ఆ మిక్సీయే. రోగం మిక్సీదీ నాదీ అయిపోయిందా? ఆ డాక్టరమ్మకు ఎన్నేళ్లేంటి?"

"నా ఈడు ఉంటుంది."

"అందుకే. ముద్ద దిగక కన్నకొడుకు కళ్లముందు పోతే తెలిసేది ఆవిడకు!"

ఆ పూట మిక్సీ మామూలుకంటే ఎక్కువసేపు తిరిగింది. పక్కింటావిడ వచ్చి ఏమైనా పాడైందా అని అడిగి వెళ్లింది. కోడలు ఇచ్చింది తాగి, గిన్నె కడిగి పెట్టింది.

వైద్యం మాత్రం డాక్టరమ్మ గదిలో మొదలైంది. ఆవిడ బల్ల సొరుగులోంచి బిస్కెట్ల పొట్లం తీసింది. కోడలు దాన్ని చూసి, "మా ఫ్యాక్టరీదే" అంది.

"ఎలా ఉంటాయేంటి?"

"నూనె కొంచెం ఎక్కువ. మీరు వేరేవి కొనుక్కోండి."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. నవ్వి, గోరంత ముక్క తుంచి ఇచ్చింది. కోడలు అలవాటు ప్రకారం నమిలి నమిలి నీళ్లు చేసింది. "అలా కాదు, అందరూ నమిలినంతే నమలండి. ఎటూ వెళ్లకండి. గొంతులో ఏమవుతోందో నాకు చెబుతూ ఉండండి" అంది డాక్టరమ్మ. రెండో ముక్క గరుకుగా ఉండగానే నాలిక వెనక్కి తోసింది. అప్పుడు వచ్చింది భయం. వస్తూ వస్తూ ఒళ్లంతా పట్టేసుకుంది. గుండె దడదడలాడింది, చెమటలు పట్టాయి, చేతివేళ్లు చల్లబడ్డాయి, పెదాలు నీలమైపోతున్నాయనిపించింది. నీళ్లకోసం చుట్టూ చూసింది. నీళ్లు లేవు. "చచ్చిపోతున్నా" అంది.

"మాట వస్తోందిగా. మాట వస్తోందంటే గాలి ఆడుతోందన్నమాట."

అలా ఎంతసేపు కూర్చుందో ఆమెకు తెలియదు. సైకిలు బాగుచేసేవాడు చక్రం తిప్పుతుంటే ఊచలు చేసే చప్పుడు వినబడింది. అది ఇందాకటి నుంచీ అవుతూనే ఉందని అప్పుడు తెలిసింది. భయం ఇంకా ఉంది గానీ కొంచెం వెనక్కి తగ్గి నిలబడింది. ముక్క ఎప్పుడు దిగిందో, దిగిపోయింది.

తర్వాత్తర్వాత బిస్కెట్టు సగమైంది, మెత్తటి అరటిపండు వచ్చింది, రొట్టె వచ్చింది, అన్నం వచ్చింది. ఏదో మెట్లెక్కినట్టు చకచకా జరిగిందనుకునేరు, అదేం కాదు. ఉడికించిన గుడ్డు రోజున వాంతి చేసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా గదిలోంచి పారిపోయింది. వీధి చివర దాకా వెళ్లాక కాళ్లు కాలి, తిట్టుకుంటూ వెనక్కొచ్చింది. డాక్టరమ్మ చెప్పులు గుమ్మం దగ్గర పెట్టి, గుడ్డు పళ్లెంలోనే ఉంచింది. "తింటారా, చెప్పులేసుకుంటారా?" అని అడిగింది. కోడలు ముందు గుడ్డే తిన్నది.

ఫ్యాక్టరీలో ఆఖరి ముక్క మింగడం మొదలుపెట్టింది. చప్పరింపు మామ బుగ్గ వాపు తగ్గి ఎప్పుడో పనిలోకి వచ్చేశాడు. ఓ రోజు ఒక విడత బిస్కెట్లకు ఆయన తల ఊపితే కోడలు "గొంతులో మాడు వాసన" అని రాసింది. ఆయన ఇంకోటి మింగి చూసి, "ఔను సుమీ! నా పన్నుతో పాటు రుచి కూడా పీకేశాడా ఏంటి వాడు?" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. పెద్ద మేడం అందరికీ టీ తెప్పించింది.

ఇంట్లో మాత్రం జావే.

"ఇంట్లో ఎందుకు తినట్లేదు?" అని డాక్టరమ్మ ప్రతిసారీ అడిగేది. "ఆ బల్ల దగ్గర, మాంసం కూరతో, మీ అత్తగారు ఎదురుగా ఉండగా తింటేనే ఇది పోయినట్టు. లేకపోతే చుట్టుతిరిగి మళ్లీ వస్తుంది. మీ భయం పుట్టింది ఆ బల్ల దగ్గరే." కోడలు తల ఊపి వచ్చేసేది. ఇంటికి రాగానే మిక్సీ చప్పుడు, వెనక గ్లాసు, అరచెయ్యి. తిన్నానని చెబుదామని నోటిదాకా వచ్చేది. ఆవిడ మొహం చూస్తే వెనక్కి వెళ్లిపోయేది. ఆవిడ ఎముకల గూడై ఉన్నారు. జావ తాగి తాగి ఆవిడ కూడా సగమైపోయారన్న సంగతి కోడలికి అప్పుడే కనబడింది. ఇద్దరూ ఇన్నాళ్లు ఒకే ఇంట్లో ఒకళ్లనొకళ్లు చూసుకోలేదు. తన భయం తగ్గింది. మరి ఈ జావ ఎవరి కోసం?

ఓ ఆదివారం పొద్దున్నే వెళ్లి మాంసం తెచ్చి తనే వండింది. వాసనకు అత్తగారు వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. మొహం పాలిపోయింది.

"ఏంటే ఇది?"

"కూరత్తయ్యా. నేను తింటాను. బయట అన్నీ తింటూనే ఉన్నాను, మీకు చెప్పలేదు. నా మీద కోపం వస్తే తర్వాత తిట్టండి. ఇప్పుడు మాత్రం ఎదురుగా కూర్చోండి."

"నా ముందొద్దు."

"మీ ముందే."

"నీకు పుణ్యముంటుంది, నేను చూడలేనే! నన్ను చంపకు!" అంటూ ఆవిడ వీధిలోకి వెళ్లిపోయారు. కోడలు వెంటపడలేదు. అన్నం పెట్టుకుంది, కూర వేసుకుంది, కూర్చుంది. అన్నం మీద నూనె పేరుకుంటున్నా ముట్టుకోలేదు. చాలాసేపటికి గేటు చప్పుడైంది. అత్తగారు వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు. చేతులు రెండూ తొడల కింద పెట్టుకున్నారు, పరీక్షకు వచ్చిన పిల్లల్లా.

"కానీ" అన్నారు.

కోడలు ముక్క నోట్లో పెట్టుకుంది. భయం వచ్చింది, రాదనుకోలేదు కూడా. అందరూ నమిలినంతే నమిలింది. ఎటూ వెళ్లలేదు. బల్ల, గోడ, ఎదురుగా ఆవిడ కళ్లు, అన్నీ చూస్తూనే వెనక్కి తోసింది. ముక్క గొంతు దాటడం తెలిసింది, గుండెల మీదుగా జారడం తెలిసింది. అంతే. ఇంకేమీ జరగలేదు.

"దిగిందా?"

"దిగిందత్తయ్యా."

"నోరు తెరువు."

తెరిచింది. ఆవిడ లేచి, వంగి, చంటిపిల్ల నోట్లో చూసినట్టు నాలిక కిందా బుగ్గల్లోనూ చూశారు. ఏమీ లేదు. మళ్లీ కూర్చున్నారు.

"ఇంకోటి తిను."

తిన్నది. అదీ దిగింది.

అత్తగారు ఆ గొంతుకేసే చూస్తూ ఉండిపోయారు. సంతోషిస్తారనుకుంది కోడలు. కాకపోతే తిడతారనుకుంది. ఆవిడ మొహంలో ఆ రెండూ లేవు. ఏదో లెక్క తప్పిన మనిషిలా ఉన్నారు.

"ఇంత తేలిగ్గా దిగుతుందా?" అన్నారు. "నిన్ను ముప్పుతిప్పలు పెట్టిన మాంసం ముక్క ఇంత తేలిగ్గా దిగుతుందా? మరి వాడికెందుకు దిగలేదే?"

మాట తిన్నగా వచ్చి తగిలింది. ప్రతి ముద్దా ప్రాణం తీసేదే అయితే, అతని ప్రాణం తీసింది ముద్దే, ఆలస్యం చేసిన తమ నవ్వు కాదు. ఇద్దరూ ఆ మాటను పట్టుకుని ఇన్నాళ్లు ఊపిరి నిలుపుకున్నారు. ఇప్పుడు ముద్ద ఏ పాపమూ ఎరగనిదై పళ్లెంలో కూర్చుంది. గాలిగొట్టం, అన్నవాహిక, తింటూ మాట్లాడటం, డాక్టరమ్మ చెప్పిన జవాబులన్నీ కోడలి దగ్గరున్నాయి. అడిగింది మాత్రం అది కాదని ఆమెకు తెలుసు.

"తెలీదత్తయ్యా" అంది.

అత్తగారు ఏడ్చారు. అదేం మామూలు ఏడుపా! వీధి వీధంతా వినబడేలా, కొడుకును పేరు పెట్టి పిలుస్తూ, బల్ల మీద తల బాదుకుంటూ ఏడ్చారు. పక్కింటి కిటికీ తెరుచుకుంది. కోడలు ఊరుకోమనలేదు. లేచి వెళ్లి ఆవిడ తలకూ బల్లకూ మధ్య తన చెయ్యి పెట్టింది. తనకూ ఏడుపు వస్తుందని ఎదురుచూసింది. ఏడుపు రాలేదు. ఆకలేసింది. అతను పోయాక మొదటిసారి, కళ్లు తిరిగేంత ఆకలి. అత్తగారు కొడుకు కోసం గుండెలు బాదుకుంటుంటే తనకు అన్నం మీద యావ పుట్టడమేంటని సిగ్గుతో చచ్చిపోయింది. కళ్లు పళ్లెం మీద నుంచి కదల్లేదు.

ఆవిడ చూశారు. ముక్కు చీదుకుని, చెంగుతో మొహం తుడుచుకుని, ఏడుస్తూనే పళ్లెం ఇటువైపు జరిపారు.

"తినవే, ఇప్పటికే చల్లారిపోయింది. నేను ఏడుస్తుంటాను, నువ్వు తిను."

కోడలు పక్క కుర్చీలో కూర్చుని అన్నం కలుపుకుంది.